గుల్ల కనిపిస్తే ముందు తీయకు, రాసుకో

హబ్సిగూడ, హైదరాబాద్

తల్లీ,

సంక్రాంతికి అత్తగారింటికి రాజమండ్రి కారులో వెళ్తున్నామని, దారిలో ఆగి పిల్లల చేత సముద్రపు శిలాజాలు ఏరించొచ్చా అని నిన్న ఫోన్‌లో అడిగావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము. నలభై ఏళ్లు పిల్లలకు రాళ్ల పాఠాలు చెప్పినవాణ్ణి, మన ఇంట్లోంచి ఒకరు ఆ ప్రశ్న అడిగితే నాకు పండగ ముందే వచ్చినట్టుంది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. కారులో అల్లుడు గారికి చదివి వినిపించు.

ముందు ఎక్కడ వెతకకూడదో చెబుతాను. హైదరాబాదు గుట్టలన్నీ గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల కరిగిన రాయి చల్లబడి గట్టిపడినవి, వాటిలో గుల్ల దొరకదు. మన పాత ఇంటి వాకిట్లో పరిచిన తాండూరు బండలు మాత్రం ఒకప్పటి లోతులేని సముద్రపు అడుగు బురదే. కానీ అవి గుల్లలున్న జీవులు పుట్టకముందు పేరుకున్నవి. వాటి మీద నల్లటి చెట్టు కొమ్మల్లాంటి గీతలు కనిపిస్తాయి, నీ పెద్ద కూతురు చిన్నప్పుడు 'ఆకు ముద్ర' అని మురిసిపోయింది గుర్తుందా? అది ఆకు కాదు. మాంగనీసు కలిసిన నీరు రాతి పగుళ్లలోకి ఇంకి వేసిన మరక. విజయవాడ దాకా ఇంతే. కనకదుర్గమ్మ కొండ రాయి కూడా భూమి లోపల వేడికీ ఒత్తిడికీ రూపం మారినది, దాంట్లోనూ ఏమీ ఉండదు. కాబట్టి పంతంగి టోల్‌గేటు దగ్గర పండగ రద్దీలో ఇరుక్కున్నప్పుడు పిల్లల్ని రోడ్డు పక్కకి దించకు.

ఏలూరు దాటి దేవరపల్లి మీదుగా కొవ్వూరు దారి పట్టాక కథ మారుతుంది. గౌరీపట్నం, పంగిడి, దుద్దుకూరు చుట్టుపక్కల కంకర కోసం తవ్విన నల్లరాయి క్వారీలు ఉన్నాయి. ఆ నల్లరాయి లావా. పశ్చిమాన మహారాష్ట్ర వైపు పొంగిన లావా పాత నదుల లోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని చాలామంది భూవిజ్ఞానులు అంటారు. అప్పుడు ఇది సముద్రపు ఒడ్డు. లావా వచ్చి పడింది, ఆగింది. దాని మీదికి మళ్లీ సముద్రపు నీళ్లొచ్చి సున్నపు బురద పేరుకుంది. ఆ బురద మీద ఇంకో లావా పడింది. అన్నిటికన్నా పైన ఎర్రటి ఇసుకరాయి. క్వారీ గోడ ఎదురుగా నిలబడితే ఇదంతా అరల బీరువాలా కనిపిస్తుంది.

మొదటి లావా కింద ఉన్న సున్నపురాతిలో టరిటెల్లా అనే గుల్ల దొరుకుతుంది, సన్నటి గోపురంలా మెలికలు తిరిగి ఉంటుంది. రెండు లావాల మధ్య పొరలో ఆల్చిప్పలుంటాయి. అక్కడే కంటికి కనిపించని ఫోరామినిఫెరా అనే సముద్ర జీవుల గుల్లలు కూడా ఉన్నాయి. వాటిని సూక్ష్మదర్శినిలో చూసినవాళ్లు, ఆ పొర డైనోసార్లు అంతరించిన కొద్దికాలానికే, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ ప్రళయం తర్వాతే పేరుకుందని తేల్చారు. 2008లో ఈ పరిశోధన ఫలితాలు వెలువడినప్పుడు ప్రపంచమంతా మన గోదావరి జిల్లాల క్వారీల వైపు చూసింది.

ఇప్పుడు నా బాధ ఒకటి చెప్పాలి. నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న టరిటెల్లా నీకు తెలుసు కదా. ఇరవై రెండేళ్ల వయసులో ఆ ప్రాంతం నుంచే తెచ్చాను. ఒక సంచి నిండా ఏరాను, ఒక్కదాని మీద కూడా గుర్తు వేయలేదు. గదికి వచ్చి సంచి బోర్లించాక ఏది గోడ అడుగున దొరికిందో, ఏది పైనుంచి జారిపడిందో చెప్పలేకపోయాను. లావా కిందదైతే అది ఆ ప్రళయానికి ముందు బతికిన జీవి కావచ్చు, రెండు లావాల మధ్యదైతే తర్వాతిది కావచ్చు. మధ్యలో తేడా గోడ మీద కొన్ని మీటర్లే. ఆ కొన్ని మీటర్లు నేను రాసుకోలేదు. యాభై ఏళ్లుగా దాన్ని రోజూ చూస్తున్నాను, అది నాకు ఏమీ చెప్పదు. దాని నోరు నేనే నొక్కేశాను. నీ పిల్లలు ఆ పని చేయకూడదని ఇంత పొడుగు ఉత్తరం.

అందుకని గుల్ల కనిపించగానే చేయి వెనక్కి పెట్టుకోమను. మొదట దూరం నుంచి గోడ మొత్తం వచ్చేలా ఒక ఫోటో. తర్వాత దగ్గర నుంచి ఒకటి, పక్కన రూపాయి బిళ్లో పెన్నో పెట్టి, లేకపోతే ఎంత పెద్దదో తర్వాత ఎవరికీ తెలియదు. ఫోన్‌లో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు చూసి నోటుపుస్తకంలో రాయాలి. ఏ పొరలో ఉంది, పైన ఏ రాయి, కింద ఏ రాయి, గుల్ల మొన ఎటు తిరిగి ఉంది, గోడలో ఇరుక్కుని ఉందా లేక కింద రాలి పడిందా అన్నవి కూడా. రాలిపడినదైతే 'రాలినది' అని నిజాయితీగా రాయాలి. అప్పుడు తీసి, మార్కరుతో అంకె వేసి, అదే అంకె పుస్తకంలోనూ చీటీ మీదా వేసి, చీటీతో కలిపి పాత న్యూస్‌పేపర్లో చుట్టాలి. పెద్దదాని చేతిరాత బాగుంటుంది, పుస్తకం దానికివ్వు. చిన్నవాడికి చుట్టే పని ఇవ్వు, వాడు ఆగలేడు.

రోడ్డు పక్క కంకర కుప్పలో గుల్ల దొరికితే అది లెక్కలోకి రాదు. ఆ కంకర ఏ ఊరి నుంచి లారీలో వచ్చిందో ఎవరికి తెలుసు? ఇంకో మోసం కూడా ఉంది. ఆ వైపు సున్నం కాల్చడానికి తెచ్చిన కొత్త గుల్లలు రోడ్డు పక్కన పడి ఉండొచ్చు. కొత్త గుల్ల తేలిగ్గా, నిగనిగలాడుతూ, లోపల బోలుగా ఉంటుంది. శిలాజం బరువుగా ఉంటుంది, లోపల రాయి నిండి ఉంటుంది. కొన్నిసార్లు గుల్ల కరిగిపోయి లోపలి అచ్చు మాత్రమే మిగులుతుంది, దాన్ని చూసి ఇది గుల్ల కాదని పారేయకండి. సున్నపురాయా లావానా అని అనుమానమొస్తే, మేకుతో గీకి ఆ పొడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి. సన్నగా నురగ వస్తే సున్నపురాయే.

వెతకడానికి పొద్దున ఏడున్నరా ఎనిమిది గంటలు మంచివి. ఏటవాలు ఎండలో గుల్లల మీది గీతలు నీడ వేసి కంటికి తగులుతాయి, మధ్యాహ్నం ఎండలో అంతా ఒకే తెలుపు. అందుకని రాత్రికి ఏలూరులో ఆగి తెల్లవారి బయల్దేరండి. సుత్తి అడిగావు, ఈసారికి వద్దు. వానలు కడిగి కింద పడేసినవి నీ పిల్లలకు సరిపోతాయి. గోడను కొడితే పొర చెడుతుంది, తర్వాత వచ్చే చదువరికి మిగలదు, రాతి ముక్క ఎగిరి కంట్లో పడుతుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, వీటి విషయంలో నా మాట దాటొద్దు. నాలుగు వరసల రోడ్డు అంచున కారు ఆపకూడదు. పక్క ఊరి దారిలోకి దిగి, చెట్టు కింద పెట్టి నడిచి రండి. క్వారీలోకి యజమానిని అడగకుండా అడుగు పెట్టొద్దు. అడిగితే చాలామంది మంచినీళ్లు ఇచ్చి మరీ చూపిస్తారు, ఒకరిద్దరు కుదరదంటారు, అప్పుడు నమస్కారం పెట్టి వెళ్లిపోండి. పేలుళ్లు ఎప్పుడు జరుగుతాయో తప్పకుండా కనుక్కోండి. పండగ రోజుల్లో పని ఆగినా సరే, ఎత్తైన గోడ కింద కూర్చోవద్దు, గోడ ఎంత ఎత్తుందో అంతకు రెండింతలు దూరంగా ఉండండి, దగ్గరికి వెళ్లి చూసేది పొట్టి గట్ల దగ్గరే. పైన పగిలి వేలాడే నల్లరాయి చప్పుడు లేకుండా దిగుతుంది. రాళ్ల సందుల్లో వేళ్లు పెట్టొద్దు, పాములుంటాయి. కాళ్లకు బూట్లు, తలకు టోపీ.

ఎన్ని తేవాలని అడుగుతారు పిల్లలు. ఒక్కో రకానికి ఒకటి, మహా అయితే రెండు. ఏదైనా పెద్దదో, ఎముకలా ఉన్నదో కనిపిస్తే అసలు కదపకండి. ఫోటో, చోటు రాసుకుని నాకు చెప్పండి, ఇక్కడ బండ్లగూడలో జియలాజికల్ సర్వే వాళ్లకు చెబుదాం. బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు చూసిన కోటాసారస్ అనే డైనోసార్ పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికిన ఎముకలే. ఏ ఎముక ఎక్కడ ఉందో ఓపిగ్గా రాసుకుంటూ తవ్వారు కాబట్టే ఈరోజు అది నిలబడి ఉంది. సర్వే వాళ్లు రక్షిత స్థలమని బోర్డు పెట్టినచోట, అడవి శాఖ భూమిలో ఒక్క రాయి కూడా ముట్టొద్దు. రోడ్డు పక్క ఎవరైనా శిలాజాలు అమ్ముతుంటే కొనకండి. డబ్బులు కనిపిస్తే ఆ గోడలు రెండేళ్లలో ఖాళీ అవుతాయి.

ఇంటికొచ్చాక నీళ్లతో రుద్దొద్దు, వెనిగర్ అసలే వద్దు, గుల్ల కరిగిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో పొడిగా దులిపితే చాలు. అది కూడా నేను చూశాకే.

పది రెట్లు పెద్దదిగా చూపించే నా భూతద్దం ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. తాడు కట్టి పెద్దదాని మెడలో వేయి. కంటికి ఆనించి పెట్టుకుని రాయిని దగ్గరికి తేవాలి, చాలామంది భూతద్దాన్ని రాయి దగ్గర పెట్టి చూస్తారు. పండగ తర్వాత ఆదివారం పెట్టె, నోటుపుస్తకం రెండూ పట్టుకుని రండి. పుస్తకం లేకుండా పెట్టె తెస్తే తీయను. మీ పెద్దమ్మ అరిసెలు దాచి ఉంచుతానంది.

ఆశీస్సులతో,
పెదనాన్న