కరెంటు పోయిన వేళ మనవరాలితో

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

మనవరాలు సెలవులకు వస్తోందనీ, మీ ఊళ్లో చీకటి పడేసరికి కరెంటు పోతోందనీ, ఆ గంటా రెండు గంటలు పిల్లతో ఎలా వేగాలో తోచడం లేదనీ ఫోన్లో వాపోయావు. అంత టెన్షన్ ఎందుకురా! ముందు నువ్వు కుదురుగా కూర్చో. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఒకసారి చెప్పి ఊరుకో. ఐదు నిమిషాలకోసారి లైన్‌మన్‌కి ఫోన్ చేస్తూ, పక్కింట్లో ఉందా మనకే పోయిందా అని వీధిలోకి తొంగిచూస్తూ ఉంటే, ఇదేదో పెద్ద ఆపద కాబోలు అనుకుంటుంది పిల్ల.

ఇన్వర్టర్ మీద ఫ్యానూ ఒక చిన్న లైటూ ఉండనీ. వైఫై డబ్బాను మాత్రం ఆ లైన్లోంచి తీయించెయ్. అడిగితే బ్యాటరీ పాతబడిందని చెప్పు. ఈ మాత్రం అబద్ధానికి పాపం అంటదులే.

పిల్లకు కాలక్షేపం చూపించాలని ఆరాటపడకు, పని అప్పజెప్పు. టార్చి ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు చార్జింగ్ పెట్టాలో తనే చూసుకోవాలి. నీకూ మరదలికీ తాటాకు విసనకర్రతో విసిరే వంతు కూడా తనదే. పది ఊపులకే చెయ్యి నొప్పి అంటుంది, అప్పుడు నువ్వు విసురు. కొవ్వొత్తి జోలికి మాత్రం రానివ్వకు. నీళ్లు పోసిన స్టీలు పళ్లెం మధ్యలో దాన్ని నిలబెట్టు, కర్టెన్లకూ దోమతెరకూ దూరంగా. ఇప్పటి పిల్లల గౌన్లు నిప్పురవ్వ తగిలితే చాలు, అంటుకుంటాయి.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల, నిజమైన చీకటి చూసి ఉండదు. మొదటి రోజు భయపడొచ్చు. ‘భయమెందుకు, ఏం లేదు’ అంటే పోయే భయం కాదది. బూచాడి పేరైతే అసలు ఎత్తకు. పక్కన కూర్చోబెట్టుకుని, వినబడేవాటిని ఒక్కొక్కటే చెప్పమను. ఆ టక్‌టక్‌మన్నది గోడమీది బల్లి. ఆ గురగుర వీధి చివర జనరేటర్. దూరంగా ఎవరో బిందె దించారు. చప్పుడుకి పేరు తెలిశాక భయం దానంతటదే తగ్గుతుంది. ఆ తర్వాత ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అని పొడుపు కథ వెయ్యి. కనురెప్పలని తనకు తట్టేదాకా నోరు విప్పకు. నీకు ఆగడం చేతకాదని నాకు తెలుసు, అయినా ఆగు.

ఉరుములూ మెరుపులూ లేని రోజైతే మేడెక్కండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. మధ్యలో నువ్వు ఫోన్ తెరిచావంటే మళ్లీ మొదటికొస్తుంది. మే నెలలో రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదింటికి సప్తర్షులు ఉత్తరాన బాగా పైకొచ్చి ఉంటారు. ఆ ఏడు చుక్కల్లో నాలుగు పెట్టెలా, మూడు దాని తోకలా ఉంటాయి. తోక చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని చిన్న చుక్క అరుంధతి. నీ పెళ్లిలో పంతులుగారు పట్టపగలు వేలెత్తి చూపిస్తే కనబడిందని తలూపావే, అదే. అది ముందు తనకు కనబడాలి, తర్వాతే నీకు. ఆ తోక వంపునే ముందుకు సాగదీస్తే నారింజ రంగులో మెరిసేది స్వాతి, ఇంకా సాగదీస్తే చిత్త. తోకకు అవతలి కొసన ఉన్న రెండు చుక్కలను కలిపి ఆ దూరానికి ఐదింతలు వెళ్తే ధ్రువుడు. మన వైపు అది బాగా కిందుగా ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ల ఎత్తు, అంతే. కొబ్బరిచెట్లు అడ్డమొస్తే వదిలెయ్.

మేడ ఎక్కలేని రోజు అష్టాచెమ్మా. నేలమీద సుద్దతో ఇరవై ఐదు గళ్లు గీయి. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలను ఒకవైపు తెల్లగా అరగదీస్తే సరి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. పిల్ల కదా అని కావాలని ఓడిపోకు. ఇట్టే కనిపెట్టేస్తారు.

2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో మాకు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు చూశాను, పిల్లలకు రోజుకో కొత్త ఆట అక్కర్లేదు. నిన్న చెప్పిన కథే ఇవాళ మళ్లీ అడుగుతారు, ఒక్క మాట మారితే ఒప్పుకోరు. అయితే ‘మా రోజుల్లో అసలు కరెంటే లేదు’ అన్న కథ మాత్రం వద్దు, ఎవరూ వినరు. వాళ్ల నాన్న పెరట్లో దొంగతనంగా మామిడికాయలు కోసి తేలు కుట్టించుకున్న సంగతి చెప్పు. మీ అబ్బాయి నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ.

కరెంటు రాగానే ఆట మధ్యలో వదిలేసి టీవీ దగ్గరికి పరిగెత్తుతుంది. నొచ్చుకోకు, పిలవకు. గళ్లు మాత్రం చెరిపెయ్యకుండా ఉంచమని మరదలికి చెప్పు. ఆ చింతపిక్కలు పగలే అరగదీసి డబ్బాలో పోసి పెట్టుకో, చీకట్లో తడుముకోకుండా.

మీ అక్క