ఆ గుంటడి చెవుల సంగతి

అమ్మలూ,

ఆదివారం మీ శ్రీకాకుళం కాలేజీలో ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ వేసి, అందులో చిన్న పాత్రల మీద నువ్వే మాట్లాడతావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విజయనగరం సినిమా హాల్లో ఆ సినిమాని ప్రొజెక్టర్ మిషన్ మీద ఆడించిన తాతకి మాత్రం నువ్వు ఒక్క మాట చెప్పలేదు. సరే, ఆ కోపం తర్వాత.

మొదటిసారి కథ కోసం చూడు. రెండోసారి సౌండ్ తీసేసి చూడు. కనపడింది కాగితం మీద రాసుకో. అంతే.

నేను ఎప్పుడూ తెర అంచులే చూసేవాణ్ణి. రీలు అయిపోయే ముందు కుడి పై మూలన చుక్క పడుతుంది, అది చూసి రెండో మిషన్ అందుకోవాలి. ఆ చుక్క కోసం కాచుక్కూర్చున్నవాడికి హీరో ఎక్కడ కనిపిస్తాడు! హోటల్ బార్‌లో ‘కాప్లన్’ అని పిలుస్తూ తిరిగే కుర్రాడు అలాగే నా కంటబడ్డాడు. సరిగ్గా అప్పుడే హీరో, అమ్మకి టెలిగ్రాం ఇద్దామని వాణ్ణి పిలుస్తాడు. కాపు కాస్తున్న దుండగులు, తాము వెతికే గూఢచారి కాప్లన్ ఇతనే అనుకుంటారు. ఆ కుర్రాడు అటు రాకపోతే సినిమాయే లేదు. అది డైరెక్టర్ హిచ్‌కాక్ కావాలని పెట్టింది.

కేఫెటీరియా సీను దగ్గర మాత్రం జాగ్రత్త. హీరోయిన్ తుపాకీ పేల్చకముందే వెనక టేబుల్ దగ్గరి గుంటడు చెవులు మూసుకుంటాడు. మా బుకింగ్ క్లర్కు అది పట్టేశాడు. దుండగుల్ని నమ్మించడానికి హీరోయిన్ హీరోని కాల్చినట్టు నటిస్తుంది, పేలేవి ఉత్తుత్తి తూటాలే కదా, ఆ నాటకం గుంటడికీ ముందే తెలుసు, వాడూ గూఢచారుల మనిషేనని తేల్చేశాడు. మూడు లాంతర్ల దగ్గర టీ కొట్టులో బల్ల గుద్ది మరీ వాదించాడు. ఒక లెక్చరర్ గారు గ్లాసు కింద పెట్టి, "రిహార్సల్లో చప్పుడు విని ఉంటాడయ్యా, మళ్లీ పేలుతుందని మూసుకున్నాడు" అన్నారు. కొట్టంతా నవ్వింది. ఆ తర్వాత మా క్లర్కు సినిమాల ఊసే ఎత్తలేదు. టికెట్లు ఇవ్వడం, ఇంటికెళ్లడం. ఎంత చూపున్న మనిషి! గుంటణ్ణి చూసింది ఆయనే, లెక్చరర్ గారు కాదు. అది ఎవరికి పట్టింది?

చూసింది గట్టిగా చెప్పు. ఎందుకో చెప్పేటప్పుడు "అయ్యుండొచ్చు" అను. ఎవరైనా నవ్వితే నవ్వనీ, మైకు వదలకు. చిన్నప్పుడు పద్యం మధ్యలో మర్చిపోయి స్టేజీ దిగిపోయావు, అప్పటి నుంచీ నాకీ టెన్షన్.

రాత్రంతా మేలుకోకు, కళ్లు పోతాయి. ఆదివారం పొద్దున్నే కాంప్లెక్స్‌లో బస్సెక్కి వచ్చి వెనక వరసలో కూర్చుంటాను, నా వైపు చూడకు. రావద్దంటే ముందే చెప్పు, టికెట్టు డబ్బులు మిగులుతాయి.

మీ తాత