టెక్ సందేహాలు: ఆటో మోడ్‌కి పాప కదులుతోందని తెలీదు

*మా పాప బడి వార్షికోత్సవంలో ఒడిస్సీ చేసింది. కొత్త కెమెరాతో ఆటో మోడ్‌లో తీశాను. నడుం నిలకడగా ఉంది, చేతులూ జడా చారలుగా వచ్చాయి. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. లెన్స్ లోపమా?*
*పర్లాకిమిడి పాఠకురాలు*

లెన్స్‌లో లోపం లేదు. ఇదే ఫిర్యాదు బరంపురం నుంచీ రాయగడ నుంచీ వస్తూనే ఉంది. ఫొటో మొత్తం ఒకే వైపు సాగితే మీ చెయ్యి కదిలినట్టు. పాప అంతా సమానంగా మసకబారి వెనక తెర స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. మీ ఫొటోలో కదిలిన భాగాలే చెరిగాయి. అంటే షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉంది. కెమెరాలోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకునే ఆపుతుంది, పాప చేతుల్ని ఆపలేదు.

కెమెరా మీది మోడ్ డయల్‌ని ఎస్ (S) లేదా టీవీ (Tv) మీదికి తిప్పండి, అప్పుడు షట్టర్ వేగం మీ చేతిలో ఉంటుంది. నాట్యానికి కనీసం సెకనులో 1/250 వంతు, గెంతులుంటే 1/500. ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే తీవ్రత, ఆటోలో ఉంచి గరిష్ఠంగా 6400 ఇవ్వండి. 1/30 నుంచి 1/250కి వెళితే వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, 400 ఉన్న ఐఎస్‌ఓ 3200కి ఎక్కుతుంది. ఫొటోలో ఇసుక చల్లినట్టు నలుసులు కనిపిస్తాయి. వాటిని తర్వాత తగ్గించుకోవచ్చు, చారలైన చేతిని బాగుచేయలేం. కెమెరాతోపాటు వచ్చే కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది; ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ అంతకు తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు తెస్తుంది. డబ్బు పెట్టాలంటే దాని మీద పెట్టండి.

ముఖం తెల్లబోవడానికి కారణం వెనకున్న నల్ల తెర. చీకటి ఎక్కువ కనిపించేసరికి కెమెరా మొత్తం దృశ్యాన్ని వెలిగించేసింది. ఫొటో వెలుగుని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్ 1 చేయండి. స్టేజీ మీద చౌకరకం ఎల్‌ఈడీలుంటే చప్పుడు చేయని సైలెంట్ షట్టర్ తీసేసి, లైట్ల మినుకుని తప్పించే యాంటీ ఫ్లికర్ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, ఫొటోలో అడ్డపట్టీలు పడతాయి.

చాలా కెమెరాల్లో ఆటో ఐఎస్‌ఓకి కనీస షట్టర్ వేగం పెట్టే వీలుంది. అంత అవసరమైనదాన్ని మెనూల అడుగున దాచి, ముఖాల్ని నున్నగా చేసే మోడ్‌ని చేతికందేలా పెడుతున్నారు. ఇది నిర్లక్ష్యపు డిజైన్. పిల్లల్ని ఫొటో తీయడానికే చాలామంది కెమెరా కొంటారు, పిల్లలు నిలబడి ఉండరు.

*డుడుమ జలపాతం దగ్గర పొగమంచు బూడిదరంగులో వస్తోంది.*
*జయపురం పాఠకుడు*

కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ తెల్లదాన్నయినా మధ్యరకం బూడిదరంగుకే లాగుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 ఇవ్వండి. మరీ తెల్లగా పోయిన చోట్లని చూపే హైలైట్ హెచ్చరికలో నీటిధార మినుకుతుంటే మూడో వంతు చొప్పున తగ్గించండి. ఏసీ కారు దిగగానే కెమెరా బయటికి తీయకండి, సంచి జిప్పు వేసి అరగంట ఉంచండి. లేకపోతే లెన్స్ మీద చెమ్మ పడుతుంది.

*ప్రింట్లకి మెమరీ కార్డు స్టూడియోలో ఇచ్చాను. ఇంట్లోవాళ్ల సొంత ఫొటోలు ముందే డిలీట్ చేశాను. భయం లేదు కదా?*
*గుణుపురం పాఠకుడు*

భయం ఉంది. డిలీట్ చేస్తే ఫొటో పోదు, దాని పేరు మాత్రమే పట్టికలోంచి పోతుంది. ఆ చోటులో కొత్త ఫొటో పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో వెనక్కి తెస్తుంది. మామూలు ఫార్మాట్ చేసినా అంతే. కార్డు పక్కన ఉండే చిన్న లాక్ మీట రాయడాన్నే ఆపుతుంది, చదవడాన్ని ఆపదు. పైగా రోజంతా ఊరివాళ్ల పెన్‌డ్రైవులు ఎక్కే కంప్యూటర్ నుంచి వైరస్ మీ కార్డులోకి, అక్కడినుంచి మీ ఇంటి కంప్యూటర్‌లోకి రావచ్చు.

స్టూడియోకి కార్డు ఇవ్వకండి. ప్రింటు కావలసిన ఫొటోల్ని మాత్రమే కొత్త పెన్‌డ్రైవులో వేసి ఇవ్వండి. కెమెరాని ఫోన్ యాప్‌తో జతచేసి ఉంటే ఇంట్లో తీసిన ప్రతి ఫొటోలో మీ ఇంటి లొకేషన్ నమోదవుతూ ఉండొచ్చు, యాప్‌లో ఆ ఆప్షన్ తీసేయండి. వాట్సాప్‌లో ఫొటోని డాక్యుమెంట్‌గా పంపితే ఆ వివరం కూడా వెళుతుంది.

కార్డు అమ్మేముందు పాత ఫొటోలున్న చోటంతా కొత్తవాటితో నిండేలా, కెమెరాలో ఫార్మాట్ చేసి, అత్యధిక నాణ్యత వీడియో పెట్టి, తిరుగుతున్న ఫ్యాను వైపు గురిపెట్టి కార్డు నిండేదాకా రికార్డు చేయండి. మధ్యలో ఆగిపోతే మళ్లీ నొక్కండి. లెన్స్ మూతపెట్టి తీస్తే ఫైళ్లు మరీ చిన్నవిగా వచ్చి, కార్డు నిండడానికి చాలా గంటలు పట్టవచ్చు.