తమ్ముడి తాగుడుకి అమ్మ పెంపకమే కారణమా అని అడిగారు కదా

మీ తమ్ముడిది అవాయిడెంట్ అటాచ్‌మెంట్, అంటే ఎవరైనా దగ్గరవుతుంటే దూరం జరిగే తీరు అని కౌన్సిలర్ అన్నారు, అది విన్నప్పట్నుంచి అమ్మగారు నా పెంపకం వల్లే వాడిలా అయ్యాడని కుమిలిపోతున్నారు, ఇంట్లో ఎలా మసలుకోవాలో తెలీట్లేదు అన్నారు. నేను డాక్టర్ని కాదండీ, మా అన్నయ్య తాగుడుతో ఏళ్ల తరబడి వేగినదాన్ని, ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు అమ్మగారి సంగతి. అటాచ్‌మెంట్ స్టైల్ అంటే జబ్బు పేరు కాదు, దగ్గరివాళ్లతో మనిషి మసలుకునే తీరు. బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ అనే మానసిక నిపుణులు పసిపిల్లలు తల్లి దూరమైతే ఎలా ఉంటారో, తిరిగొస్తే ఎలా ఉంటారో గమనించి చెప్పిన విషయం, 1987లో హాజన్, షేవర్ అనే సైకాలజిస్టులు దాన్ని పెద్దవాళ్ల ప్రేమలకి కూడా పట్టించి చూశారు. మత్తు అలవాటున్నవాళ్లలో ఇన్‌సెక్యూర్ రకాలు, అంటే దగ్గరివాళ్ల మీద భరోసా కుదరని తీరులు ఎక్కువ కనిపిస్తాయన్నది నిజమే. కానీ ఏళ్ల తరబడి తాగుతూ, దాస్తూ, అబద్ధాలాడుతూ ఉన్న మనిషి ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా తయారవడం కూడా మామూలే, ఏది ముందో ఏది వెనకో అంత తేలిగ్గా తేలదు. పైగా తాగుడుకి బానిసయ్యే గుణంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు సగం జన్యువులదేనని కవలల మీద చేసిన స్టడీస్‌లో తేలింది. ఇంత ఉంటే మొత్తం తెచ్చి తల్లి నెత్తిన పెట్టడం అన్యాయం.

ఇక మా ఇంట్లో ఏం జరిగేదంటే, అన్నయ్యకి ఏదైనా బాధనిపిస్తే గదిలోకెళ్లి తలుపేసుకునేవాడు, అమ్మ వెనకే వెళ్లి తలుపు కొట్టేది, జేబులు వెతికేది, ఫోన్ల మీద ఫోన్లు చేసేది, వాడు ఇంకా ముడుచుకుపోయేవాడు, దాంతో ఈవిడ కంగారు ఇంకా పెరిగేది. నాన్న అసలు మాటలే మానేసి ఏదున్నా "వాడికి చెప్పు" అని నాతో అనేవారు. అందుకే అటాచ్‌మెంట్ గురించి మాట్లాడేప్పుడు ఒక్కడి స్టైల్ చూస్తే సరిపోదంటాను, ఇంటిల్లిపాదిదీ చూడాలి.

మా కౌన్సిలర్ అమ్మని ఒకటడిగారు, మీ అబ్బాయి పక్కన మీరు ఎక్కువసేపు కూర్చునేది ఎప్పుడమ్మా అని. అమ్మ చాలాసేపు ఆలోచించి, తాగొచ్చిన రాత్రులండి అంది. నిజమే, ఆ రాత్రి ఏడ్చి, బతిమాలి, తల నిమిరి పడుకోబెట్టేది, తాగకుండా ఉన్న రోజు మాత్రం ముందు రోజు కోపంతో ఎవరం వాడి మొహం చూసేవాళ్లం కాదు. అంటే మా ఇంట్లో వాడికి కాస్త దగ్గరితనం దొరికే టైమ్ తాగినప్పుడే!

దాన్ని తిరగేశాం. తాగొస్తే వాదనల్లేవు, ఏడుపుల్లేవు, వాంతి చేసుకునేలా ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండటం, అంతే. తాగని రోజు మాత్రం నాన్న తనతో పాటు నడకకి తీసుకెళ్లేవారు. "కూర్చో, నీతో మాట్లాడాలి" అంటే ఇలాంటివాళ్లు పారిపోతారు గానీ పక్కపక్కన నడుస్తుంటే వాళ్లే ఏదో ఒకటి మొదలెడతారు. డబ్బు ఇవ్వం, ఆఫీసుకి జ్వరమని అబద్ధం చెప్పం అని ముందే చెప్పేసి ప్రతిసారీ అదే మాట మీద, అరవకుండా ఉన్నాం, ఇదే అన్నిటికన్నా కష్టం. రాబర్ట్ మేయర్స్ కుటుంబాల కోసం తయారుచేసిన క్రాఫ్ట్ అనే పద్ధతిలో కూడా దాదాపు ఇవే ఉంటాయి, దాంట్లో మీకు చేయి తిరిగిన కౌన్సిలర్ దొరికితే వదలకండి.

అన్నయ్య తర్వాత కూడా తాగాడు, అయితే ఒకసారి మేం కనిపెట్టకముందే తనే వచ్చి చెప్పాడు. అమ్మకి అది తాగుడు మానడం కన్నా పెద్ద విషయంలా అనిపించింది, నాకూ అంతే.

రోజూ బాగా తాగేవాళ్లని ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి కూడా రావచ్చు, డాక్టర్ చూస్తుండగానే జరగాలి. చెయ్యి చేసుకునే మనిషైతే పైన నేను చెప్పినవేవీ వద్దు, ముందు మీరు దూరంగా వెళ్లండి. అమ్మగారికి విడిగా ఎవరితోనైనా మాట్లాడే వీలు చూడండి, తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఆల్-అనాన్ గ్రూపులు 1951 నుంచీ ఉన్నాయి.

ఇంకోటి, గొడవల్లో "నువ్వు అవాయిడెంట్‌వి" అని వాడి మీదకి విసరకండి. మా వాడు నేర్చుకుని, నా స్టైలే ఇంత, నన్నొదిలేయండి అని దాన్నే సాకుగా వాడటం మొదలెట్టాడు, ఆ స్టైల్స్ మారతాయని కౌన్సిలర్ చెప్పేదాకా దిగిరాలేదు.