లాబ్రడార్ కోసం సిప్ తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో సొంత ఫ్లాటులో ఉంటున్నాం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగులమే. చేతికి వచ్చేది నెలకు 92 వేలు. ఇంటి రుణ వాయిదా 34 వేలు, పిల్లలిద్దరి ఫీజులు సగటున 11 వేలు, ఇంటి ఖర్చులు 26 వేలు, బీమా ప్రీమియం 4 వేలు, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) 12 వేలు. బ్యాంకు ఖాతాలో లక్షా 60 వేలు ఉన్నాయి. ఏడో తరగతి చదువుతున్న మా పాప లాబ్రడార్ కుక్కపిల్ల కావాలని పట్టుబడుతోంది. మావారి సహోద్యోగి ఒకరు 18 వేలకు ఇస్తామంటున్నారు. నెలకు 3 వేలు దాటదని మావారి లెక్క. నిజమేనా? అవసరమైతే సిప్ కొంత తగ్గించవచ్చా? మా అత్తగారు మాతోనే ఉంటారు. ఏటా సంక్రాంతికి, వేసవికి శ్రీకాకుళం వెళ్తాం.
– ఒక పాఠకురాలు

జవాబు: మీవారు చెప్పిన 3 వేలు తిండికే చాలవు. ఎదిగిన లాబ్రడార్ 30 కిలోల దాకా తూగుతుంది. ప్యాకెట్ ఆహారమే పెడితే నెలకు సుమారు 10 కిలోలు కావాలి. మధ్యరకం ధరల్లో చూసినా అది 3,500 రూపాయలు. ఇంట్లో అన్నం, చికెన్, గుడ్డు, పెరుగు కలిపి పెడతామంటే మంచిదే కానీ, మిగులు పెద్దగా ఉండదు. మిగిలిన కూర పెట్టేస్తే సరిపోతుందన్న ఆలోచన మాత్రం వద్దు. మన కూరల్లో ఉల్లిపాయ లేనిది ఏది? అది కుక్కలకు విషం.

మిగతా ఖర్చులు హైదరాబాద్ ధరల్లో నా అంచనా ప్రకారం ఇలా ఉంటాయి. పిడుదులు పట్టకుండా వాడే మందులు నెలకు వెయ్యి. మన వాతావరణంలో వీటిని మానేస్తే జ్వరం, రక్తహీనత, సెలైన్లు అంటూ అంతకు పదింతలు వదులుతుంది. ఏటా వేయించే టీకాలు, నట్టల మందు, రెండు మూడుసార్లు డాక్టరు దగ్గరకు వెళ్లడం కలిపి నెలకు 700. షాంపూ, పట్టీలు, బొమ్మలు, కొరికేసిన చెప్పులు, ఛార్జర్లు కలిపి 500.

ఇక మీ శ్రీకాకుళం ప్రయాణాలు. మీ ఉత్తరం చదవగానే నా కన్ను పడింది వాటి మీదే. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్ పెట్టెల్లో కుక్కను ఎక్కనివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే, అంటే తలుపున్న చిన్న గది, మొత్తం మీ పేరిట ఉండాలి, లేదంటే కుక్కను గార్డు పెట్టెలో ఒంటరిగా పంపాలి. మీ ఐదుగురికీ ఫస్ట్ ఏసీ టికెట్లు కొనే బదులు దాన్ని కుక్కల హాస్టల్లో వదలడమే నయం అనిపిస్తుంది. అక్కడ రోజుకు 800 అనుకుంటే ఏడాదికి 20 రోజులకు 16 వేలు, అంటే నెలకు దాదాపు 1,300. అదీ సంక్రాంతికి ముందుగా చెప్పి పెట్టుకుంటేనే. పండక్కి ఊరెళ్లేది మీరొక్కరే కాదుగా!

అన్నీ కలిపితే నెలకు 7 వేలు. మొదటి ఏడాది దీనికి అదనంగా కుక్కపిల్ల ధర 18 వేలు, వరుస టీకాలకు 7 వేలు, పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్‌కు 10 వేలు, పడక, గిన్నెలు, బోను వంటి వాటికి 5 వేలు ఉంటాయి. ఆ 40 వేలు ఒక్కసారి పోయేవే కాబట్టి వాటి గురించి నాకు బెంగ లేదు. లాబ్రడార్ 10 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. నెలకు 7 వేల చొప్పున 12 ఏళ్లకు 10 లక్షల పైచిలుకు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే 14 లక్షలు దాటుతుంది. ఇందులో పెద్ద జబ్బు ఒక్కటీ లేదు.

కుక్కను తిప్పడానికి జీతానికి మనిషిని పెట్టుకోవాల్సి వస్తే ఇంకో 3,500 కలపండి. ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ ఎవరు తిప్పుతారో మీరు రాయలేదు. మీరిద్దరూ ఆఫీసుకు పోతే మిగిలేది అత్తగారు. రోడ్డు మీద పిల్లి కనబడిందంటే 30 కిలోల లాబ్రడార్ లాగే లాగుడుకు ఆవిడ కింద పడితే, ఆ ఎముకల డాక్టరు ఖర్చు ఏ ఖాతాలో రాసుకోవాలి?

మరి మీ దగ్గర ఎంత మిగులుతోంది? మీరు రాసిన లెక్క కూడితే 87 వేలు. మిగిలేది 5 వేలు. సిప్ పక్కన పెడితే మీ నెల ఖర్చు 75 వేలు కాబట్టి, బ్యాంకులో ఉన్న లక్షా 60 వేలు రెండు నెలలకు కాస్త పైన సరిపోతాయి. వాయిదాలు కట్టే ఇంట్లో కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే నాలుగున్నర లక్షలు, అత్యవసర నిధిగా ఉండాలి. కుక్కపిల్లకు పార్వో అనే వైరస్ జబ్బు సోకి నాలుగైదు రోజులు ఆసుపత్రిలో ఉంచితే 15 వేలు, సాక్సు మింగి ఆపరేషన్ దాకా వెళ్తే అంతకు మూడు రెట్లు తేలిగ్గా అవుతాయి. అప్పుడు చేతిలో లేక క్రెడిట్ కార్డు గీకితే, బకాయి మీద ఏడాదికి 40 శాతం దాకా వడ్డీ పడుతుంది. తడిసి మోపెడవడం అంటే అదే.

సిప్ తగ్గించడానికి నేను ఒప్పుకోను. కుక్కకు పోయే ఆ 7 వేలను నెలనెలా ఆరేళ్లు సిప్‌లోనే ఉంచి, ఏటా 10 శాతం రాబడి వస్తుందనుకుంటే దాదాపు 6 లక్షల 90 వేలు అవుతుంది. ఆరేళ్ల తర్వాత మీ పాప ఇంటర్ పూర్తి చేసి కాలేజీలో చేరుతుంది, ఆ డబ్బు అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే. పాప హాస్టల్‌కు వెళ్లిపోయిందంటే కుక్కకు ఆరేళ్లు నిండిన దగ్గర్నుంచి, కీళ్ల నొప్పులూ మందులూ మొదలయ్యే ముసలితనం దాకా చూసుకోవాల్సింది మీరిద్దరే. పాప కోసం కాదు, మీ ఇద్దరికీ కుక్క కావాలా అని ఒక రాత్రి కూర్చుని మాట్లాడుకోండి.

బీమా ఉంది కదా అని అడుగుతారేమో. పెంపుడు కుక్కలకు మన సాధారణ బీమా కంపెనీలు పాలసీలు ఇస్తున్నాయి. కానీ వయోపరిమితి ఉంటుంది, ముందే ఉన్న జబ్బులకూ మామూలు టీకాలకూ డబ్బు రాదు. మన ఆరోగ్య బీమాకు దొరికే పన్ను మినహాయింపు కూడా ఈ ప్రీమియానికి లేదు. మీవంటి వారికి ఇందులో పనికొచ్చేది ఒకటే: కుక్క ఇతరులను కరిస్తే కట్టాల్సిన పరిహారానికి ఇచ్చే రక్షణ. పాలసీలో అది ఉందో లేదో చూసుకోండి. నిర్లక్ష్యంగా వదిలేసిన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలిగితే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు, 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. ఆ శిక్షను ఏ బీమా తప్పించదు.

కాబట్టి ఈ కుక్కపిల్లను వదిలేయండి. వచ్చే నెల నుంచి నెలకు 7 వేల చొప్పున ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ ఒకటి తెరవండి. సిప్ ముట్టుకోకూడదు. మిగిలే 5 వేలకు ఇంకో 2 వేలు ఇంటి ఖర్చుల్లోంచి తీయాలి, అది ఎక్కడ తగ్గుతుందో మీకే తెలుస్తుంది. ఆ ఆరు నెలలూ పాపను, మీవారిని రోజూ ఉదయం ఆరింటికి అరగంట నడవమనండి, వానాకాలంలో కూడా. అంతా సాఫీగా సాగితే చేతికి వచ్చే 42 వేలు కుక్క కోసమే దాచిన సొమ్ము. రెండో వారానికే నడక ఆగిపోతే అదీ ఒక జవాబే.

అప్పటికీ కావాలంటే లాబ్రడారే ఎందుకు, దేశవాళీ కుక్కపిల్లను దత్తత తీసుకోవడం గురించి ఆలోచించండి. కొనే ఖర్చు ఉండదు. మన ఎండలకు తట్టుకుంటుంది, బరువు తక్కువ కాబట్టి తిండీ మందులూ తగ్గుతాయి. టీకాలూ హాస్టలూ మాత్రం మామూలే. అయినా నెలకు నాలుగున్నర వేలలో గడుస్తుంది. జాతి కుక్కనే కొంటామంటే, అమ్మేవారు రిజిస్టర్ చేయించుకున్న బ్రీడరా కాదా అడగండి. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు.

వైద్యం ఖర్చు తగ్గించుకునే దారులు కూడా మీ ఊళ్లోనే ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ప్రైవేటు కన్నా బాగా తక్కువకే చూస్తారు, కాకపోతే వరుసలో నిలబడే ఓపిక ఉండాలి. జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. టీకా వేయించిన కాగితం దాచుకోండి, జీహెచ్‌ఎంసీలో కుక్కను నమోదు చేయించేటప్పుడు అడుగుతారు.