సీరియల్ నటి దర్శకురాలు కావాలంటే...

ప్రశ్న: మా అమ్మాయికి 27 ఏళ్లు. బీకాం చదివి, నాలుగేళ్లుగా తెలుగు సీరియళ్లలో చెల్లెలు, ఆడపడుచు వంటి పాత్రలు వేస్తోంది. ఇంటి రుణం వాయిదా తనే కడుతోంది. ఇప్పుడు నటన తగ్గించుకుని దర్శకత్వం నేర్చుకుంటానంటోంది. ఇందులో స్థిరత్వం ఉంటుందా? ఫిల్మ్ స్కూల్లో చేరడం మేలా, ఎవరి దగ్గరైనా అసిస్టెంట్‌గా చేరడం మేలా? సంబంధాలు చూస్తున్నాం, వాళ్లకేం చెప్పాలి?
- ఒక తండ్రి, విజయవాడ

జవాబు: స్థిరత్వం గురించి అడిగారు. నటనలో మాత్రం అది ఎప్పుడుంది? కథలో ఆడపడుచుకు పెళ్లి చేసి అమెరికా పంపేస్తే ఆ నెల నుంచే మీ అమ్మాయికి కాల్‌షీట్లు ఉండవు. ఆ సంగతి నాలుగేళ్లుగా మిమ్మల్ని కలవరపెట్టలేదు. ఇప్పుడు పెడుతోందంటే, వాయిదా ఎవరు కట్టాలన్నదే మీ అసలు దిగులని నాకు అనిపిస్తోంది. ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను కాబట్టి మొహమాటం లేకుండా అంటున్నాను. ఆ భారం కొంతకాలం మీరు మోయండి. అసిస్టెంట్‌గా మొదట్లో వచ్చేది చేతిఖర్చులకు సరిపోతే గొప్ప.

దారి గురించి మాత్రం బెంగ వద్దు. భానుమతి 1953లోనే ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తీశారు. నటిగా తెరకు వచ్చిన విజయనిర్మల 44 సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ రికార్డుకెక్కారు. హాస్యపాత్రలతో, టీవీ స్కిట్లతో పరిచయమైన వేణు ఎల్దండి 2023లో ‘బలగం’ తీసేదాకా ఆయనలో దర్శకుడున్నాడని ఎంతమంది అనుకున్నారు? ఎదుటి నటుడు పదేపదే తడబడుతుంటే మార్చాల్సింది డైలాగునా, అతను నిలబడిన చోటునా అన్నది నటించినవారికి త్వరగా తెలుస్తుంది. మీ అమ్మాయికి ఆ పెట్టుబడి ఇప్పటికే ఉంది.

నా అనుమానమల్లా మూడు నెలల్లో డైరెక్టర్‌ను చేస్తామనే కోర్సుల మీద. లక్షలు కడతారు, చివర్లో ఒక షార్ట్ ఫిల్మ్, ఒక సర్టిఫికెట్ చేతికొస్తాయి. ఆ సర్టిఫికెట్ చూసి సీరియల్ అప్పగించే నిర్మాత నాకింతవరకు తారసపడలేదు. అలాగని నాలుగేళ్లు సెట్‌లో ఉన్నాను కదా, అంతా తెలుసు అని అమ్మాయి అంటే అదీ నమ్మకండి. నటి తన షాట్ ముగియగానే మేకప్ రూమ్‌కు వెళ్లిపోతుంది. కాఫీ కప్పు ఏ చేతిలో ఉంది, కొంగు దోపుకుందా వదిలేసిందా అని రాసుకుంటూ మానిటర్ పక్కన నిలబడేది అసిస్టెంటు. నాలుగు రోజుల తర్వాత అదే సన్నివేశం కొనసాగించాల్సి వస్తే యూనిట్ అంతా చూసేది ఆ పుస్తకం వైపే. ఎడిటింగ్ గదిలో ఏ ముక్క ఎందుకు పోయిందో కూడా నటులకు తెలియదు.

ఇక మీరు అడిగిన పోలిక. పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ స్కూల్ ఎఫ్‌టీఐఐలో సినిమా దర్శకత్వం మూడేళ్లు, టీవీ దర్శకత్వం ఏడాది. ఏ డిగ్రీ ఉన్నా సరిపోతుంది, బీకాం అడ్డు కాదు. సీటు వస్తే పంపండి. రాకపోతే, తెలిసిన సీరియల్ యూనిట్‌లోనే అసిస్టెంట్‌గా చేరమనండి. రోజూ ఎపిసోడ్ ప్రసారమయ్యే చోట చేతికి పని దొరికినంత, పెద్ద సినిమా యూనిట్‌లో పదో అసిస్టెంట్‌కు దొరకదు. ఒక పాత్ర ఉంచుకుంటే కొంత ఆదాయమూ నిలుస్తుంది, కానీ ఆ పాత్ర వేరే సీరియల్‌లో ఉండాలి, ఆ తేదీలు ముందే మాట్లాడుకోవాలి.

సంబంధాల వాళ్లకు ఏం చెప్పాలో నన్ను కాదు, అమ్మాయిని అడగండి.