సింక్ అంచు దగ్గర వైట్ సిమెంట్ నిలవదండీ

గ్రానైట్ గట్టుకీ స్టీల్ సింక్‌కీ మధ్య వైట్ సిమెంట్ పెట్టినా నెలకే పగిలి, కింద అరలోకి నీళ్లు దిగుతున్నాయన్నారు కదా. వేడి గంజి వార్చినప్పుడల్లా స్టీల్ సాగుతుంది, గిన్నెల బరువుకి కాస్త కదులుతుంది. సిమెంట్‌కి ఆ సాగే గుణం లేదు. అక్కడ ఆరాక కూడా రబ్బరులా సాగే సిలికాన్ సీలెంటే పెట్టాలి.

ముందు కారేది అంచేనా, జాలీ కింద పైపు కలిసే కప్లింగా తేల్చుకోండి. అంచు తడపకుండా సింక్ సగం నింపి, పావుగంట ఆగి వదలండి. కింద టిష్యూ కాగితం అద్దితే పొడిగానే ఉందా? అయితే గ్లాసుతో అంచు వెంట నీళ్లు పోసి మళ్లీ చూడండి. సింక్‌ను గట్టు కింద బిగించి ఉంటే క్లాంపులు వదులుగా ఉన్నాయేమో కూడా చూడాలి.

పాత సిమెంట్, సిలికాన్ ఏమున్నా బ్లేడుతో పూర్తిగా గీకేయండి. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు, ఎక్కువగా పని చెడేది ఇక్కడే. స్పిరిట్‌తో తుడిచి రాత్రంతా ఆరనివ్వండి. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న శానిటరీ సిలికాన్ కొనండి, ఒక్క ట్యూబ్ చాలు. వెనిగర్ వాసన వచ్చే రకం కొన్ని రాళ్ల మీద మరక పెడుతుంది.

సందుకి రెండు పక్కలా మాస్కింగ్ టేప్ వేసి, నాజిల్‌ను 5 మి.మీ. రంధ్రం వచ్చేలా ఏటవాలుగా కోసి, ఆపకుండా ఒకే ధారగా లాగండి. సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారే నొక్కుతూ పోయి, వెంటనే టేప్ తీసేయండి. పైపొర కట్టాక తీస్తే అంచు చిరిగి లేస్తుంది. ఆపైన 24 గంటలు చుక్క నీరు పడకూడదు.